తాబేళ్లు చనిపోయేది జనవరిలో, వేట ఆగేది ఏప్రిల్‌లో

సంక్షిప్తంగా: చెన్నై తీరంలో ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు చనిపోవడానికి, చేప పిల్లలు పెద్దవి కాకముందే మాయమవడానికి ముఖ్య కారణం ఒకటే. ఒడ్డుకు మరీ దగ్గరగా, మరీ చిన్న కన్ను (రంధ్రం) ఉన్న వలలతో మరబోట్లు చేసే ట్రాలింగ్, అంటే వలను సముద్రపు అడుగున లాగుతూ చేసే వేట. దాన్ని అడ్డుకునే నిబంధనలు చాలావరకు ఇప్పటికే చట్టంలో ఉన్నాయి. వలలో పడ్డ ప్రతిదానికీ కొనేవాళ్లు ఉన్నారు, హార్బరులో తనిఖీ బలహీనంగా ఉంది. అందుకే ఆ నిబంధనలు నిలబడటం లేదు.

2025 జనవరిలో ఏం జరిగింది

ఆ నెలలో పులికాట్ నుంచి బెసంట్ నగర్, నీలాంగరై, కోవళం వరకు ఇసుక మీదికి తాబేళ్ల కళేబరాలు వరసగా కొట్టుకొచ్చాయి. నెలాఖరుకు లెక్క వెయ్యి దాటిందని వార్తలు వచ్చాయి. చెన్నైలో తాబేళ్లు చనిపోవడం కొత్త కాదు. ప్రతి సీజన్‌లోనూ కొన్ని ఒడ్డుకు వస్తూనే ఉంటాయి. ఒకే నెలలో అన్ని రావడమే జనాన్ని ఉలిక్కిపడేలా చేసింది. జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణాది ధర్మాసనం తనంతట తానే విచారణ చేపట్టింది. అటవీ శాఖ, మత్స్యశాఖ, కోస్ట్ గార్డ్ కలిసి గస్తీ పెంచాయి.

కొన్ని కళేబరాలకు పోస్ట్‌మార్టం చేసినప్పుడు ఊపిరాడక చనిపోయినట్టు తేలింది. ఉబ్బిన మెడ, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు, దెబ్బతిన్న ఊపిరితిత్తులు. సముద్రంలోనే పెరిగే జీవి నీళ్లలో మునిగి ఎలా చనిపోతుందన్న సందేహం చాలామందికి వచ్చింది. సముద్రపు తాబేలుకు మొప్పలు ఉండవు. మనలాగే గాలి పీల్చాలి. మామూలుగా ఈదుతున్నప్పుడు చాలాసేపు నీటి అడుగున ఉండగలదు, తర్వాత పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంది. వలలో ఇరుక్కున్నప్పుడు మాత్రం భయంతో గింజుకుంటుంది. ఒంట్లో ఉన్న ఆక్సిజన్ గబగబా అయిపోతుంది. అలాంటప్పుడు గంట కూడా బతకకపోవచ్చు. ట్రాల్ వలను ఒక్కోసారి రెండు మూడు గంటలు, అంతకంటే ఎక్కువసేపు లాగుతారు. కొన ఊపిరితో పైకి వచ్చిన తాబేలును స్పృహ లేని స్థితిలోనే తిరిగి నీళ్లలోకి విసిరేస్తే అది అక్కడే మునిగిపోతుంది.

ఒడ్డుకు చేరే కళేబరాలు చనిపోయిన వాటిలో ఒక భాగం మాత్రమే. గాలి, అలలు ఎటు తోస్తే అటు పోతాయి. మిగిలినవి సముద్రంలోనే కుళ్లిపోతాయి. కాబట్టి బీచ్ మీద లెక్కపెట్టిన అంకెను కనీస సంఖ్యగానే చూడాలి.

ట్రాలర్లు ఒక్కటే కారణం కాదని బోటు యజమానులు అంటారు. అందులో కొంత నిజం ఉంది. టేకు చేపల (స్టింగ్‌రేల) కోసం వేసే పెద్ద కన్ను వలల్లోనూ తాబేళ్లు చిక్కుతాయి. తెగిపోయి సముద్రంలో వదిలేసిన వలలు కూడా ప్రాణాలు తీస్తూనే ఉంటాయి. అయినా రోజూ ఎంత మేర లాగుతున్నారు, ఎంతసేపు లాగుతున్నారు అని చూస్తే ట్రాలింగ్ వాటానే పెద్దదిగా కనిపిస్తుంది.

వల ఏం చేస్తుంది

ట్రాల్ వల గరాటా ఆకారంలో ఉండే పెద్ద సంచి. నోటికి రెండు వైపులా బరువైన పలకలు కడతారు. బోటు ముందుకు సాగుతుంటే నీటి ఒత్తిడికి ఆ పలకలు పక్కలకు జరిగి నోరు తెరిచి ఉంచుతాయి. కింది తాడుకు గొలుసులు, సీసపు గుళ్లు ఉంటాయి. అవి సముద్రపు అడుగును రాసుకుంటూ పోతాయి. బురదలో దాక్కున్న రొయ్య పైకి లేచి వలలో పడుతుంది. దాంతోపాటు ఆ దారిలో ఉన్న పీతలు, నత్తలు, నక్షత్ర చేపలు, చేప పిల్లలు, సముద్ర పాములు, తాబేళ్లు కూడా వల చివర ఉండే తోకసంచిలోకి చేరతాయి.

ఇక్కడ కీలకమైనది తోకసంచి కన్ను. అది ఎంత పెద్దగా ఉంటే చిన్న చేపలు అంతగా తప్పించుకోగలవు. చాలా రాష్ట్రాల నిబంధనలు 35 నుంచి 40 మిల్లీమీటర్ల కన్ను ఉండాలంటాయి. వాడకంలో మాత్రం అందులో సగం ఉన్న వలలు మామూలుగా కనిపిస్తాయి. ఇంకో సంగతి, డైమండ్ ఆకారపు కన్ను వలను లాగేటప్పుడు బిగుసుకుని దాదాపు మూసుకుపోతుంది. చతురస్రపు కన్ను తెరిచే ఉంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చాలా ఏళ్లుగా చతురస్రపు కన్ను తోకసంచిని సిఫార్సు చేస్తోంది. ఖర్చు పెద్దగా పెరగదు, చేప పిల్లలు బతుకుతాయి. అయినా వాడకం అంతంతమాత్రంగానే ఉంది. ఎందుకో తెలియాలంటే చెన్నై చేపల హార్బరు కాసిమేడులో జరిగే వేలం దగ్గరికి రావాలి.

చెత్త చేపకు కూడా ధర ఉంది

కొన్ని దశాబ్దాల కిందటి దాకా రొయ్య కోసం వెళ్లిన బోటుకు చిన్న చేపలు, పనికిరాని చేపలు భారం. ఐసు దండగ, చోటు దండగ. చాలావరకు సముద్రంలోనే పారబోసేవారు. కోళ్ల దాణా, ఫిష్ మీల్ (చేపల పొడి) పరిశ్రమలు పెరిగాక ఆ పరిస్థితి తిరగబడింది. కుళ్లినా, నలిగినా, ఏ జాతిదో గుర్తుపట్టలేకపోయినా కొనే ట్రేడర్ వచ్చాడు. ఎండబెట్టి పొడి చేసి దాణాలో కలుపుతారు. కిలో ఫిష్ మీల్ తయారు కావాలంటే నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి.

దీని ప్రభావం పైకి కనిపించే దానికంటే చాలా లోతుగా ఉంది. మామూలుగా ఒక చోట రొయ్యలు తగ్గితే డీజిల్ ఖర్చు రాదు, బోట్లు వెళ్లడం మానేస్తాయి, ఆ చోటు కోలుకుంటుంది. నష్టమే ఒక అదుపుగా పనిచేస్తుంది. చెత్త చేపకు ధర వచ్చాక ఆ అదుపు పోయింది. వంజరం, చందువ, రొయ్య దొరకకపోయినా పిల్లచేపల డబ్బుతో ట్రిప్పు గట్టెక్కుతుంది. కోరమాండల్ తీరపు ట్రాలర్ల మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనం సరిగ్గా ఈ విషయాన్నే చూపించింది. అసలు లక్ష్యమైన చేపల ఆదాయం పడిపోయినా చెత్త చేప అమ్మకమే వేటను నడిపిస్తోందని, దానివల్ల వనరు ఆర్థికంగా అయిపోయాక కూడా వేట ఆగదని అది హెచ్చరించింది. పంట చేతికి రాకముందే విత్తనాన్ని కూడా దాణాకు అమ్ముకునే రైతు పరిస్థితి ఇది.

ఇందులో ఆంధ్రకు కూడా భాగం ఉంది. దేశంలో చెరువుల్లో పెంచే రొయ్యల్లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌దే. రొయ్యల మేతలో ఫిష్ మీల్ ఒక ముఖ్యమైన దినుసు. భీమవరం చెరువులో మేత చల్లే రైతుకు, కాసిమేడులో తోకసంచి విప్పే కలాసీకి (బోటు కూలీకి) మధ్య ఎవరూ పెద్దగా మాట్లాడుకోని సంబంధం ఇది. సోయా లాంటి ప్రత్యామ్నాయాలతో మేతలో ఫిష్ మీల్ వాటా తగ్గితే దాని ఫలితం సముద్రంలోనూ కనిపిస్తుంది. ఈ చర్చ సముద్రం గురించి మాట్లాడేవాళ్ల నోట కంటే ఆక్వా రంగం నుంచి మొదలైతేనే వేగంగా కదులుతుంది.

ఐదు మైళ్ల గీత

భారత తీరానికి ట్రాలింగ్ పెద్ద ఎత్తున వచ్చింది 1950ల తర్వాత. 1952లో కుదిరిన ఇండో-నార్వే ఒప్పందంతో కేరళలో మరబోట్లు మొదలయ్యాయి. విదేశాల్లో రొయ్యకు గిరాకీ ఉందని తెలిశాక ఆ బోట్లన్నీ రొయ్య వైపు మళ్లాయి. రొయ్య ఉండేది ఒడ్డుకు దగ్గరగా ఉన్న లోతు తక్కువ బురద నేలల్లో. తెప్పల మీద, నాటు పడవల మీద వేటాడేవాళ్లు ఆధారపడేదీ ఆ నీళ్ల మీదే. గొడవలు తప్పలేదు. 1970ల చివర్లో మద్రాసుతో సహా అనేక తీరాల్లో తెప్పలవాళ్లకు, మరబోట్ల వాళ్లకు మధ్య ఘర్షణలు జరిగాయి. ఆ ఒత్తిడి వల్లే రాష్ట్రాలు సముద్ర వేట నియంత్రణ చట్టాలు చేశాయి. కేరళ 1980లో, తమిళనాడు 1983లో, ఆంధ్రప్రదేశ్ 1994లో.

తమిళనాడులో ఇప్పుడు ఒడ్డు నుంచి ఐదు నాటికల్ మైళ్లలోపు, అంటే సుమారు 9.26 కిలోమీటర్ల లోపల, మరబోట్లు వేటాడకూడదు. ఆంధ్రలో ఈ హద్దు 8 కిలోమీటర్లు. రెండు బోట్లు ఒకే వలను లాగే జంట ట్రాలింగ్, ఎల్ఈడీ లైట్లతో చేపలను రప్పించడం కూడా నిషిద్ధం. 2017 నవంబరులో కేంద్రం ఇచ్చిన ఆదేశం ఇది. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, అంటే పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. ఇన్ని నిబంధనలు ఉన్నా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి గుమిగూడేది ఆ ఐదు మైళ్లలోనే, బోట్లు రొయ్య కోసం వచ్చేదీ అక్కడికే.

కొత్త చట్టం కావాలని ప్రతి సీజన్‌లోనూ డిమాండ్లు వస్తాయి. అసలు లోపం మాత్రం అమలులో ఉంది. రాత్రివేళ, విశాలమైన సముద్రం మీద, కొద్దిపాటి గస్తీ పడవలతో గీత దాటిన బోటును పట్టుకోవడం దాదాపు అసాధ్యం. పట్టుకున్నా జరిమానా ఒక మంచి ట్రిప్పు ఆదాయం కంటే తక్కువైతే అది బోటు ఖర్చుల్లో ఒకటిగా మారిపోతుంది.

నెల్లూరు తీరంలో సోనా బోట్లు

ఈ సమస్య చెన్నైతో ఆగదు. నెల్లూరు జిల్లా మత్స్యకారులు తమిళనాడు నుంచి వచ్చే పెద్ద మరబోట్లను సోనా బోట్లు అంటారు. అవి తీరానికి దగ్గరగా వచ్చి తమ వలలు తెంపేస్తున్నాయని, చేపలన్నీ ఊడ్చుకుపోతున్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. కొన్నిసార్లు నెల్లూరు వాళ్లే బోట్లను పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చారు. తర్వాత రెండు రాష్ట్రాల అధికారులు మాట్లాడి విడిపించడం, మళ్లీ కొన్నాళ్లకు ఇదే జరగడం మామూలైంది.

తమ తీరంలో వనరు తగ్గడం వల్లే బోట్లు పక్క రాష్ట్రానికి వస్తున్నాయి. పాక్ జలసంధిలో భారత ట్రాలర్లు శ్రీలంక వైపు వెళ్లడానికీ కారణం చాలావరకు ఇదే. శ్రీలంక 2017లో అడుగు ట్రాలింగ్‌ను పూర్తిగా నిషేధించింది. ఈ వైపు తీరం ఖాళీ అవుతుంటే ఆ వైపు నిషేధం ఉన్న నీళ్లలో చేపలు కనిపిస్తాయి.

కాసిమేడు మరబోట్ల మీద పనిచేసే కలాసీల్లో శ్రీకాకుళం, నెల్లూరు జిల్లాల వాళ్లు చాలామంది ఉన్నారన్నది ఇక్కడ మర్చిపోకూడదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల చెన్నైలో చిక్కుకుపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో కొందరు బోట్లలోనే సముద్రం మీదుగా సొంతూళ్లకు బయలుదేరారు. నెల్లూరు తీరంలో గొడవ జరిగినప్పుడు రెండు వైపులా తెలుగువాళ్లే ఉండే సందర్భాలు లేకపోలేదు. గీత దాటాలా వద్దా అన్న నిర్ణయం కలాసీ చేతిలో ఉండదు. బోటు పట్టుబడితే పోలీసు స్టేషన్‌లో కూర్చునేది మాత్రం అతనే.

61 రోజుల విరామం ఎందుకు సరిపోదు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. తమిళనాడులో ఇది 2001లో 45 రోజులుగా మొదలైంది, 2017 నుంచి 61 రోజులైంది. తమిళనాడులో ఇది ప్రధానంగా మరబోట్లకే వర్తిస్తుంది. ఆంధ్రలో ఇంజిన్ బిగించిన పడవలు కూడా ఆగాలి. ఈ కాలంలో చింతాద్రిపేట మార్కెట్‌లో వంజరం కిలో వెయ్యి దాటడం మామూలే. పశ్చిమ తీరం నుంచి లారీల్లో చేపలు తెప్పించుకుంటారు.

చాలా జాతుల చేపలు గుడ్లు పెట్టే సమయం కాబట్టి ఈ విరామం ఉపయోగకరమే. అయితే రెండు పరిమితులు ఉన్నాయి. జూన్ 15న అన్ని బోట్లూ ఒక్కసారిగా బయలుదేరతాయి. చిన్న కన్ను వలలు మారకపోతే రెండు నెలల్లో పెరిగిన పిల్లచేపలు మొదటి కొన్ని వారాల్లోనే తోకసంచిలోకి వెళ్లిపోతాయి. రెండోది తాబేళ్లకు సంబంధించినది. ఆలివ్ రిడ్లే చెన్నై తీరానికి డిసెంబరు, జనవరిలో వచ్చి మార్చి దాకా గుడ్లు పెడుతుంది. వేట ఆగేసరికి సీజన్ దాదాపు అయిపోతుంది.

ఒడిశా ఈ విషయంలో వేరే దారి పట్టింది. ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు నవంబరు 1 నుంచి మే 31 దాకా, అంటే ఏడు నెలలు, వేట నిషేధిస్తుంది. తాబేళ్ల క్యాలెండరును చూసి వేసిన నిషేధం అది. అక్కడా అమలులో ఇబ్బందులు ఉన్నాయి, మత్స్యకారుల జీవనోపాధి మీద భారం చాలా ఎక్కువ. అయినా రక్షణ అవసరమైన నెలల్లో రక్షణ ఉంది. చెన్నై లాంటి చోట అంత పెద్ద నిషేధం అక్కర్లేదు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుమిగూడే కొన్ని చోట్ల ఉన్న హద్దును కచ్చితంగా పాటించినా మార్పు కనిపిస్తుంది.

హేచరీలు నష్టాన్ని పూడుస్తాయా

చెన్నైలో తాబేళ్ల గుడ్లను కాపాడే పనికి మంచి చరిత్ర ఉంది. 1970ల నుంచి రాత్రి నడకలు సాగుతున్నాయి. 1988 నుంచి స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ స్వచ్ఛంద సేవకులు నీలాంగరై నుంచి బెసంట్ నగర్ దాకా నడిచి గూళ్లు వెతికి, గుడ్లను హేచరీకి (గుడ్లు పొదిగే రక్షిత స్థలానికి) చేర్చి, పిల్లలను సముద్రంలో విడిచిపెడుతున్నారు. అటవీ శాఖ హేచరీలు కూడా ఉన్నాయి. ఈ కృషి నిజంగా గౌరవించదగ్గది.

కానీ లెక్క ఒకటి ఉంది. ఒక గూటిలో సుమారు వంద నుంచి నూట ఇరవై గుడ్లు ఉంటాయి. వాటి నుంచి వచ్చిన పిల్లల్లో పెద్దదయ్యేవరకు బతికేది వెయ్యికి ఒకటని సాధారణంగా అంచనా వేస్తారు. అది పెద్దది కావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. జనవరిలో వలలో చనిపోయే తాబేళ్లలో చాలావరకు అన్ని ప్రమాదాలనూ దాటి, గుడ్లు పెట్టే వయసుకు వచ్చినవి. అలాంటి ఒక్క ఆడ తాబేలు పోతే ఆ లోటు పూడ్చడానికి ఎన్నో గూళ్లు కాపాడాలి. హేచరీల్లో పిల్లలను విడిచిపెడుతున్న ఫొటోలు చూసి పరిస్థితి బాగానే ఉందనుకుంటే పొరపాటు.

తాబేలు బయటపడే వల

టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్) అనే పరికరం వలలో అమర్చే ఏటవాలు లోహపు జాలీ. కమ్మీల మధ్య సుమారు పది సెంటీమీటర్ల సందు ఉంటుంది. రొయ్యలు, చేపలు ఆ సందుల్లోంచి తోకసంచిలోకి పోతాయి. తాబేలు జాలీకి తగిలి, పైనో కిందో ఉన్న తలుపు తోసుకుని బయటపడుతుంది. అమెరికా 1989 చట్టం ప్రకారం, తాబేళ్లను రక్షించే చర్యలు లేని దేశాల నుంచి సముద్రంలో పట్టిన రొయ్యల దిగుమతిని ఆపుతుంది. దీన్ని భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేశాయి. 1998లో వచ్చిన తీర్పు అమెరికా ఆ చట్టాన్ని అమలు చేసిన తీరును తప్పుపట్టింది గానీ తాబేళ్ల కోసం అలాంటి చర్య తీసుకోవచ్చని ఒప్పుకుంది. 2019 నుంచి భారత సముద్రపు రొయ్యలకు అమెరికా తలుపులు మూసుకున్నాయి. చెరువుల్లో పెంచిన రొయ్యకు ఈ అడ్డంకి లేదు కాబట్టి ఆంధ్ర రైతుకు దీని వేడి తగల్లేదు.

ఇప్పుడు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద టెడ్‌కు పూర్తి సాయం ఇస్తున్నారు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపోయే నమూనా చేసింది. బోటువాళ్లకు ఉన్న టెన్షన్ ఆ తలుపు నుంచి పెద్ద చేపలు కూడా పోతాయేమోనని. కొంత పోతుంది, అది నిజం. ఆ నష్టం ఎంతో కాసిమేడు బోట్ల మీదే, కాసిమేడు సరంగుల (బోటు నడిపేవాళ్ల) ఎదుటే పరీక్ష చేసి చూపిస్తే నమ్మకం కుదురుతుంది. ఉచితంగా ఇచ్చి వదిలేస్తే అది షెడ్డులో తుప్పు పడుతుంది.

తనిఖీ ఒడ్డున జరిగితే

కేరళ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1988 నుంచి వర్షాకాలంలో ట్రాలింగ్ ఆపడంతో పాటు, ఆ రాష్ట్రం కొన్నేళ్లుగా 58 జాతులకు కనీస సైజు నిర్ణయించి అమలు చేస్తోంది. కవళ్లు 10 సెంటీమీటర్లు, కానాగంతలు 14 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే చిన్నవి పెద్ద మొత్తంలో దిగితే హార్బరులోనే పట్టుకుని జరిమానా వేస్తారు. ఇందులో తెలివైన అంశం తనిఖీ చోటు. సముద్రం మీద వేల బోట్లను వెంబడించడం కష్టం. ప్రతి బోటూ చివరికి హార్బరుకు రావాల్సిందే, చేప వేలం జరిగేది అక్కడే. స్కేలు పట్టుకున్న ఇన్‌స్పెక్టర్ వేలం దగ్గర నిలబడితే చిన్న చేపకు కొనుగోలుదారు వెనకాడతాడు, చిన్న కన్ను వలతో లాభం పోతుంది.

రెండో సాధనం ట్రాన్స్‌పాండర్, అంటే బోటు ఎక్కడుందో ఒడ్డుకు సంకేతాలు పంపే పరికరం. 2024 ఆగస్టులో కేంద్రం లక్ష చేపల బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం ప్రారంభించింది. తుపాను హెచ్చరికలకు, ప్రమాదంలో సాయానికి ఇది మత్స్యకారులకు మేలు చేస్తుంది. అదే పరికరం బోటు ఐదు మైళ్ల లోపల ఎంతసేపు ఉందో, ఎంత వేగంతో తిరిగిందో చెబుతుంది. ట్రాలింగ్ చేసే బోటు నెమ్మదిగా, ఒకే తీరులో కదులుతుంది. ఆ కదలికను స్క్రీన్ మీద గుర్తుపట్టవచ్చు. పరికరాన్ని ఆపేస్తే ఏం చేయాలన్న దానికి స్పష్టమైన నియమం ఉండాలి. ఆపేసిన బోటుకు పన్ను మినహాయింపు డీజిల్ నిలిపేయడం జరిమానా కంటే బలంగా పనిచేస్తుంది. ఎందుకంటే ట్రాలర్ ఖర్చులో సింహభాగం డీజిల్‌దే.

ట్రాలర్లు తగ్గితే ఎవరికి ఏమవుతుంది

కొన్ని ప్రభుత్వాలు ట్రాలింగ్‌ను పూర్తిగా ఆపేశాయి. ఇండోనేషియా 1980లో చిన్న మత్స్యకారుల ఆందోళనల తర్వాత చాలా తీరాల్లో నిషేధించింది. హాంకాంగ్ 2012 డిసెంబరు 31 నుంచి తన జలాల్లో నిషేధించింది. హాంకాంగ్ యజమానులకు పరిహారం ఇచ్చి, అడిగినవాళ్ల బోట్లను కొనుగోలు చేసి, బోట్లలో పనిచేసే స్థానిక కూలీలకు కూడా ఒక మొత్తం ఇచ్చింది. తమిళనాడులో 2017లో పాక్ జలసంధి ట్రాలర్లను లోతు సముద్రంలో ట్యూనా వేటకు మార్చే పథకం మొదలైంది. పెట్టుబడి ఎక్కువ, అప్పు ఎక్కువ, కొత్త పని నేర్చుకోవాలి. అందుకే ఊహించినంత మంది ముందుకు రాలేదు.

చెన్నైలో ట్రాలర్ల సంఖ్య తగ్గించే ఆలోచన వస్తే పరిహారం లెక్క యజమాని దగ్గరే ఆగకుండా చూడటం ముఖ్యం. కాసిమేడులో పనిచేసే ఆంధ్ర కలాసీ ఇప్పటికే రెండు పథకాల మధ్య జారిపోయే స్థితిలో ఉన్నాడు. తమిళనాడు నిషేధ కాలపు సాయం, ఇప్పుడు 8,000 రూపాయలు, ఆ రాష్ట్ర మత్స్యకార కుటుంబాలకు. ఆంధ్రప్రదేశ్ 2025లో 20,000 రూపాయలకు పెంచిన సాయానికి లబ్ధిదారులను ఆ రాష్ట్రంలోని బోట్లవారీగా లెక్కిస్తారు. చెన్నై బోటు మీద పనిచేసేవాడి పేరు ఏ జాబితాలోనూ లేకపోతే ట్రాలింగ్ తగ్గే ప్రతి అడుగులోనూ నష్టం ముందుగా అతని మీదే పడుతుంది. రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు హార్బరులో పనిచేసేవాళ్ల జాబితాను కలిసి తయారు చేయడానికి కొత్త చట్టం అవసరం లేదు. వచ్చే ఏప్రిల్ విరామానికి ముందే ఆ పని మొదలుపెట్టవచ్చు.